నాన్నగారి గుమ్మెటకు సర్కారు సన్మానం అడగవచ్చా?

ప్రశ్న: మాది ఒకప్పటి గుంటూరు, ఇప్పటి పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా నాన్నగారికి 71 ఏళ్లు. నలభై ఏళ్లకు పైగా ఒక బుర్రకథ దళంలో గుమ్మెట అనే చర్మవాద్యం పట్టి, కథకుడి పక్కన నిలిచి మాట అందుకునే హాస్యపు వంతగా చేశారు. అదే దళంలో కథకుడిగా ఉన్న పెద్దాయనను మేము పెదనాన్నా అని పిలిచేవాళ్లం. పదేళ్ల కిందట ఆయనకు రాష్ట్ర ప్రభుత్వ పురస్కారం వచ్చింది, రెండేళ్ల కిందట కాలం చేశారు. రాజకీయ వంత చేసిన బాబాయి పక్క ఊళ్లోనే ఉన్నారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఈసారి ఉగాది పురస్కారానికి నాన్నగారి పేరు పంపాలని నా కోరిక. ఆయనేమో “అడిగి వేయించుకునే దండ నాకెందుకమ్మా, అన్నకు వచ్చిందిగా, అది ముగ్గురిదీ” అని కొట్టిపారేస్తున్నారు. మా ప్రాంతంలో ఒకాయన యాభై వేలు ఇస్తే జాబితాలో పేరు ఎక్కించే పూచీ తనదంటున్నాడు. నాన్నగారికి చెప్పకుండా దరఖాస్తు పంపవచ్చా? అసలు వంతకు పురస్కారం ఇస్తారా? ఇస్తే, ఈ వయసులో దాని వల్ల ఆయనకు ఒరిగేదేమిటి?

సమాధానం: మీరు అడిగిన మూడు ప్రశ్నల కన్నా ముందు, మాటవరసకు చెప్పినట్టు చెప్పి వదిలేసిన ఆ యాభై వేల సంగతి తేల్చుకుందాం. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇది నీతి కోసమే చెప్పడం లేదు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తరువాత, అధికారుల మీద పలుకుబడి ఉపయోగించి పని చేయిస్తానని సొమ్ము పుచ్చుకునే మధ్యవర్తి ఎంత నేరస్థుడో, ప్రభుత్వోద్యోగి చేత పని చేయించుకోవడానికి ఆ సొమ్ము ముట్టజెప్పినవారు కూడా అంత నేరస్థులే అవుతారు. బలవంతం మీద ఇచ్చామని చెప్పుకోవాలన్నా, ఇచ్చిన 7 రోజుల లోపల పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేసి ఉండాలి. మీరు ఇంకా ఏమీ ఇవ్వలేదు గనుక ఆ చిక్కు మీకు లేదు. అతడు మళ్లీ వస్తే, అవినీతి నిరోధక శాఖ వారి 1064 నంబరుకు చెప్పవచ్చు.

ఈ బాపతు మనుషుల వ్యాపారం ఎలా నడుస్తుందో కూడా తెలుసుకోవడం మంచిది. వీరిలో చాలామంది ఏ అధికారినీ కలవరు, ఏ కాగితమూ కదపరు. పది ఊళ్లలో పది మంది దగ్గర సొమ్ము తీసుకుని ఇంట్లో కూర్చుంటారు. పది మందిలో ఒకరి పేరు తనంతట తానే వస్తే అది తమ ఘనతగా చెప్పుకుంటారు, మిగిలిన తొమ్మిది మందికి “వచ్చే ఏడాది తప్పకుండా” అంటారు. కడుపులో ఉన్నది మగపిల్లవాడని అందరికీ జోస్యం చెప్పి, నిజమైన ఇళ్ల దగ్గర మాత్రమే బహుమానం అడిగే సోదెగాడికీ ఇతనికీ తేడా లేదు. పైగా యాభై వేలు పోసి తెచ్చుకున్న శాలువా సంగతి ఏనాడో ఒకనాడు మీ నాన్నగారి చెవిన పడుతుంది. జీవితమంతా దొంగ పెద్దమనుషుల మీద హాస్యం చెప్పి జనాన్ని నవ్వించిన మనిషికి అంతకన్నా పెద్ద అవమానం మరొకటి ఉండదు.

ఇదే కోవలో ఇంకొక హెచ్చరిక. “జాతీయ”, “అంతర్జాతీయ”, “విశ్వ” అనే మాటలు తగిలించుకున్న సంస్థలు కొన్ని, రిజిస్ట్రేషను రుసుము అనో మెమెంటో ఖర్చు అనో కొన్ని వేలు కట్టించుకుని, హోటలు హాలులో ఒకే పూట వంద మందికి బిరుదులూ గౌరవ డాక్టరేట్లూ పంచుతున్నాయి. ఒక పురస్కారం నిజంగా ప్రభుత్వానిదేనా అని తేల్చుకోవడానికి సులువైన దారి దాని వెనుక ఉన్న ప్రభుత్వ ఉత్తర్వు సంఖ్య అడగడం. ప్రభుత్వం ఎవరికి ఏమి ఇచ్చినా దానికొక జి.ఓ. ఉంటుంది. ఆ సంఖ్య చెప్పలేనివారితో మాట్లాడవలసింది ఇంకేమీ ఉండదు.

ఇక మీ రెండో ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే మిగిలిన రెండింటికీ మూలం అందులోనే ఉంది. వంతకు పురస్కారం ఇస్తారా? ఇవ్వకూడదన్న నియమం నేను ఎక్కడా చూడలేదు. ఇవ్వకపోవడం అలవాటు. బుర్రకథ ముగ్గురి కళ అని అందరికీ తెలుసు. నడుమ తంబురా మీటుతూ, బొటనవేలి అందె మోగిస్తూ అడుగులు వేసే కథకుడు, ఆయనకు చెరొక పక్కా గుమ్మెటలు పట్టిన ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు చరణం విడిస్తే “తందాన తాన” అని అందుకుని, కథ ఊపు తగ్గకుండా కాసేవారు వాళ్లే. నిద్రకు జోగుతున్న మూడో జాము జనాన్ని ఒక్క మాటతో లేపి కూర్చోబెట్టేవాడు హాస్యపు వంత. బొబ్బిలి యుద్ధం చెబుతూ చెబుతూ ఆ ఊరి రేషను షాపులో తూకం సంగతిని మధ్యలోకి లాక్కొచ్చేవాడు రాజకీయ వంత. 1940లలో ప్రజానాట్యమండలి ఈ కళను ఊరూరా నడిపించినప్పుడు, పాత వీరగాథకూ ఆనాటి పేదవాడి బతుక్కూ ముడి వేసింది ఎక్కువగా ఈ వంతల నోటి మాటే. ఆ తరంలో అందరికన్నా పేరు మోసిన కథకుడు షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. మీ ప్రాంతానికి ఎంతో దూరంలో లేని పొన్నెకల్లు ఆయనది. ఆయన పేరు ఇప్పటికీ వినబడుతూనే ఉంది. ఆయన పక్కన నిలబడి గుమ్మెట వాయించిన వారి పేర్లు చెప్పమంటే, ఆ ప్రాంతం వారిలోనే ఎందరు చెప్పగలరో ఆలోచించండి.

పక్కవాద్యానికి పీట ఆలస్యంగా దక్కడం ఒక్క బుర్రకథకే ఉన్న జబ్బు కాదు. కర్ణాటక సంగీతంలో మదరాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు మన విజయనగరం వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుకు 1941లో దక్కింది. మృదంగ విద్వాంసుడికి ఆ బిరుదు దక్కడానికి 1966 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు దాన్ని మొదటిసారి అందుకున్నది పాల్ఘాట్ మణి అయ్యర్. గాత్రం లేనిదే కచేరీ లేదనే వారు, మృదంగం లేకపోతే ఆ కచేరీ ఎలా ఉండేదో చెప్పరు. మన ప్రభుత్వాల విషయానికి వస్తే, నాటకరంగం ఈ సంగతిలో జానపదం కన్నా మెరుగ్గా ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్వహిస్తూ వచ్చిన నంది నాటకోత్సవాల్లో ఉత్తమ ప్రదర్శనకూ ఉత్తమ నటుడికీ మాత్రమే కాక సంగీతానికీ, రంగాలంకరణకూ, ఆహార్యానికీ విడివిడిగా బహుమతులు ఉంటాయి. హార్మోనియం ముందు కూర్చున్నవాడికి, తెర వెనుక రంగు పూసినవాడికి కూడా తన పేరు మైకులో వినిపించే అవకాశం ఉంటుంది. సినిమాలకు 1964 నుంచి ఇచ్చిన నందులలోనూ, తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్‌లో మొదటిసారి అందజేసిన గద్దర్ పురస్కారాలలోనూ సహాయ పాత్రలకు వేరే గడి ఉంది. జానపద కళల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, దళం మొత్తానికి ఒకే మనిషి ముఖం అతికించే పద్ధతి ఇంకా పోలేదు.

కానీ దారి లేకపోలేదు. 2020లో నాదస్వర విద్వాంసులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు పద్మశ్రీ కలిపి ఇచ్చారు. తెలుగు నేల మీద నాదస్వరం నేర్చి శ్రీరంగంలో స్థిరపడిన జంట వారిది. కేంద్రం అలాంటి సందర్భాల్లో ఇద్దరినీ కలిపి ఒకే పురస్కారంగా లెక్కిస్తుంది. కాబట్టి జంటగా వాయించిన వారిని జంటగానే గౌరవించడం మన దేశంలో వింతేమీ కాదు. మీ నాన్నగారి పేరు ఒక్కటే కాకుండా, పక్క ఊళ్లో ఉన్న బాబాయి పేరు కూడా కలిపి, “ఒకే దళంలో నలభై ఏళ్లు జంటగా నిలిచిన వంతలు” అని పంపండి. ఇద్దరికీ ఒకే ఏడాది ఇవ్వాలని కోరండి. జంటగా ఇచ్చే వీలు లేదంటే విడివిడిగా ఇద్దరి పేర్లూ పరిశీలించమని అదే ఉత్తరంలో చేర్చండి. ఇది ఎందుకు చెబుతున్నానో మీ నాన్నగారి మాటల దగ్గరికి వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

అంతకన్నా ముందు, ఎంపిక గదిలో ఏమి జరుగుతుందో నేను చూసినంత వరకు చెబుతాను. ఒక పురస్కారపు ఎంపిక సంఘంలో రెండు పర్యాయాలు కూర్చున్నాను. అది ఏదో ఇక్కడ అనవసరం. బల్ల మీద కట్టలు కట్టలుగా దరఖాస్తులు ఉండేవి. ఒక్కొక్క దానికి రెండు మూడు నిమిషాలకు మించి సమయం దక్కలేదు. చాలా దరఖాస్తుల్లో ఉన్నది మంత్రుల పక్కన నిలబడి దిగిన ఫొటోలు, ఎమ్మెల్యేల సిఫారసు ఉత్తరాలు, అంతకుముందు కప్పిన శాలువాల జాబితా. ఆ మనిషి ఏ కథ చెబుతాడో, ఎవరి దగ్గర నేర్చాడో, ఎవరికి నేర్పాడో వెతికి పట్టుకోవడానికి మేము పేజీలు తిప్పవలసి వచ్చేది. ఒకసారి ఒక దళం ఫొటో చూపించి, నడుమ ఉన్నాయన పేరు చెప్పిన గుమాస్తాను, పక్కనున్నవారు ఎవరని అడిగాను. ఆయన కాగితమంతా వెతికి, “రాయలేదండీ” అన్నాడు. ఆ మాట విన్నప్పుడు ఎవరి మీదా కోపం రాలేదు. నడుమ నిలబడిన కథకుడు కూడా రాయలేదు, దరఖాస్తు పూర్తి చేసిన ఆయన కొడుకు కూడా రాయలేదు. ప్రభుత్వం ఒక్కటే మరిచిపోయిందని అనడానికి లేదు.

ఇంకొక మాట. ప్రభుత్వానికి కళాకారుల జ్ఞాపకం ఎందుకు ఇంత బలహీనంగా ఉందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో, 1957 ప్రాంతంలో, సాహిత్యానికీ సంగీత నాటకాలకూ అకాడమీలు వచ్చాయి. 1983లో ప్రభుత్వం వాటిని రద్దు చేసింది. 1985 డిసెంబరులో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడి వాటి పనిలో కొంత భాగాన్ని భుజాన వేసుకుంది. మంచి చెడ్డలు ఎలా ఉన్నా, ప్రాంతాల వారీగా కళాకారుల జాబితాను ఏటేటా సరిచూసుకుంటూ కూర్చునే స్థిరమైన పీఠం ఒకటి లేకుండా పోయిందని నా అభిప్రాయం. ఆ తరువాత పురస్కారాలు ప్రభుత్వాలతో పాటే మారాయి. ఒకప్పటి హంస పురస్కారం కళారత్న అయింది. సినిమా నందులు 2014, 2015, 2016 సంవత్సరాలకు కలిపి 2017 నవంబరులో ప్రకటించాక ఆగిపోయాయి. ఒక ప్రభుత్వం రాష్ట్ర అవతరణ దినమని నవంబరు 1న ఇచ్చినవి ఇంకొక ప్రభుత్వంలో కనిపించలేదు. ఒక ఏడాది ఇచ్చినవి మరొక ఏడాది ఇవ్వరు. ఇచ్చే ఏడాది మాత్రం ఒక్కోసారి చేతికి ఎముక ఉండదు. 2025లో విశ్వావసు ఉగాది నాడు విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో 86 మందికి కళారత్న, 116 మందికి ఉగాది పురస్కారాలు, వెరసి 202 మందికి అందజేశారు. ఇంత పెద్ద జాబితాలో ఇద్దరు వంతలకు చోటు దొరకదని అనుకోవలసిన పని లేదు. ఒకే పూటలో అంతమందిని వేదిక ఎక్కించి దించితే ఒక్కొక్కరి గురించి చెప్పడానికి ఎన్ని క్షణాలు మిగులుతాయన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. నాన్నగారికి చెప్పకుండా పంపవచ్చా? పంపకండి. చట్టం అడ్డుకుంటుందని కాదు. పద్మ పురస్కారాలకైతే ఎవరైనా ఎవరి పేరైనా ప్రతిపాదించవచ్చు, తమ పేరు తామే పంపుకోవచ్చు కూడా. అయితే మీ నాన్నగారు వద్దన్న పనిని ఆయన పేరు మీదే చేస్తే, పురస్కారం వచ్చిన రోజున ఆయన ముందు రెండే దారులుంటాయి: బిడ్డ ముఖం చూసి ఇష్టం లేని దండ వేయించుకోవడం, లేదా నలుగురిలో నిరాకరించి బిడ్డను నొప్పించడం. ఆ ఇరకాటంలో ఆయనను నిలబెట్టకండి.

అయితే ఆయన “వద్దు” అన్నదాన్ని ఒక్కసారి నిదానంగా మళ్లీ వినండి. ఆయన రెండు మాటలన్నారు. అడిగి వేయించుకునే దండ వద్దన్నది మొదటిది. ఇది ఆత్మగౌరవం, దీనికి విరుగుడు ఉంది. అడిగేది ఆయన కాకుండా ఉంటే సరిపోతుంది. పంచాయతీ తీర్మానం చేసి పంపవచ్చు. ఊళ్లో శ్రీరామనవమికీ దసరాకీ కథ పెట్టించిన దేవస్థానం పెద్దలు రాయవచ్చు. అన్నిటికన్నా విలువైనది మరొకటి ఉంది: కాలం చేసిన మీ పెదనాన్నగారి పిల్లల చేత ఉత్తరం రాయించండి. “మా నాన్నగారికి వచ్చిన పురస్కారంలో ఈ ఇద్దరి పాలు ఉంది” అని కథకుడి ఇంటివారు సంతకం పెట్టి పంపిన కాగితం, పది మంది ఎమ్మెల్యేల సిఫారసు కన్నా ఎంపిక గదిలో ఎక్కువ పని చేస్తుంది. అలాంటి ఉత్తరం నేను కూర్చున్న రెండు పర్యాయాల్లో ఒక్కటి కూడా రాలేదు.

ఆయన అన్న రెండో మాట “అన్నకు వచ్చిందిగా, అది ముగ్గురిదీ” అన్నది. ఇందులో పెద్దమనసు ఉంది, నిజమే. కానీ, చూడండి, పదేళ్ల కిందట ఆ సభకు ఆయన వెళ్లారా? వెళితే ఎక్కడ కూర్చున్నారు? వేదిక మీదికి పిలిచారా? ఈ సంగతులు మీ ఉత్తరంలో లేవు. ఒక సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని, పురస్కారం మాట ఎత్తకుండా, ఆ రోజు గురించి మాత్రం అడగండి. నిజంగా అది ముగ్గురి పండుగగా జరిగి ఉంటే ఆయన ఆనందంగా చెబుతారు, అప్పుడు మీరు ఆయన మాటను మన్నించి ఊరుకోవచ్చు. అలా జరగకపోతే, ఆయన “వద్దు” వెనుక ఉన్నది మరొకటి అని మీకు అర్థమవుతుంది. అప్పుడు బాబాయి పేరు ముందు పెట్టండి. తనకు వద్దన్న మనిషి, తోటి వంతకు వద్దనలేడు. “బాబాయికి రావాలంటే నీ పేరు కూడా కలవాలి నాన్నా, జంట విడగొడితే గుమ్మెట ఒకటే మోగినట్టుంటుంది” అని చెప్పి చూడండి. ఇది ఎత్తుగడ అనుకోకండి, మీరు పంపబోయే దరఖాస్తు సారమే అది.

దరఖాస్తులో ఏమి పెట్టాలి అన్నది మీరు అడగలేదు గానీ, అసలు పని అక్కడే ఉంది. కథకుడు చెప్పిన కథకు పుస్తకం ఉంటుంది. అచ్చయిన బుర్రకథలు పాత పుస్తకాల అంగళ్లలో ఇప్పటికీ దొరుకుతాయి. హాస్యపు వంత చెప్పిన మాటకు పుస్తకం లేదు. అది ఆ ఊరికీ, ఆ రాత్రికీ, ముందు వరుసలో కూర్చున్న మనిషికీ తగినట్టు అప్పటికప్పుడు పుట్టి, నవ్వులో కలిసిపోయింది. కాబట్టి మీ నాన్నగారి కళకు సాక్ష్యం ఆయన బుర్రలో తప్ప మరెక్కడా లేదు. మీ ఫోను ముందు పెట్టుకుని, ఆయననూ బాబాయినీ ఒకచోట కూర్చోబెట్టి, ఏదో ఒక ఘట్టం ఎత్తుకోమనండి. ఒక్కరినే కూర్చోబెడితే రాదు, ఎదుటి వంత ఉంటేనే మాటకు మాట పుడుతుంది. కథకుడు లేడని ఆగకుండా, ఆ చరణాలు తెలిసిన ఎవరైనా అందించేలా చూడండి. ఏ ఊళ్లో ఏ హాస్యం పేలింది, ఏది పేలలేదు, ఎవరికి కోపం వచ్చింది, ఒకే కథలో ఎన్ని చోట్ల హాస్యానికి తావుంటుంది, ఎక్కడ వంత నోరు మూసుకోవాలి, ఇవన్నీ చెప్పించండి. గుమ్మెట మట్టిదా ఇత్తడిదా, చర్మం ఎవరు బిగించేవారు, మంచు రాత్రుల్లో జావకారిపోతే ఎలా వేడి చూపేవారు అన్నది కూడా వదలకండి. పురస్కారం వచ్చినా రాకపోయినా ఆ రికార్డు మీ దగ్గర ఉంటుంది, బుర్రకథ మీద పరిశోధన చేసే ఏ విద్యార్థి అయినా దానికోసం వెతుక్కుంటూ రాగలడు.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో కథ చెప్పి ఉంటే, ఆ కాంట్రాక్టు కాగితాలు పాత ట్రంకు పెట్టెలో ఉండే ఉంటాయి. వాటి మీద వంతల పేర్లు కూడా ఉంటే అంతకన్నా గట్టి రుజువు దొరకదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు, దానికి ముందూ వెనుకా అక్షరాస్యత ప్రచారంలో, ఎన్నో దళాలు కళాజాతాలతో తిరిగాయి. మీ నాన్నగారి దళం తిరిగి ఉంటే ఆ ధ్రువపత్రాలు వెతకండి. కుటుంబ నియంత్రణ ప్రచారానికి చెప్పిన కథల బిల్లులు, జాతర కరపత్రాలు, పత్రికల కత్తిరింపులు ఏవైనా పనికొస్తాయి. ఫొటోల వెనుక ఎవరెవరు ఉన్నారో, ఏ ఊరో, ఏ ఏడాదో రాయండి. మీ ఊరు 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లాలోకి మారింది గనుక, పాత కాగితాల మీద గుంటూరు జిల్లా అని ఉండి ఆధార్‌లో పల్నాడు అని ఉంటే, రెండూ ఒకే ఊరని పంచాయతీ కార్యదర్శి చేత ఒక ముక్క రాయించి జత చేయండి. ఇలాంటి చిన్న తేడాల దగ్గర దరఖాస్తులు పక్కకు పడిపోవడం నేను చూశాను. అన్నీ కలిపి నాలుగు పేజీలు మించనివ్వకండి, వీడియో మూడు నిమిషాలు చాలు. పంపేది రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖకు, ఒక ప్రతి జిల్లా కలెక్టరు కార్యాలయానికి, రెండింటికీ అందినట్టు రసీదు తీసుకోవాలి.

ఉగాది ఒక్కటే గుమ్మమని కూడా అనుకోకండి. కందుకూరి వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరిపి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారాలు ఇస్తుంది. అవి ప్రధానంగా నాటకం వారికి, అయినా బుర్రకథ రంగస్థల కళే కదా అని అడిగి చూడడంలో తప్పు లేదు. తెలుగు విశ్వవిద్యాలయం ఏటా ఇచ్చే కీర్తి పురస్కారాలలో జానపద కళలకు చోటు ఉంది. మీరు హైదరాబాదులో ఉన్నా నాన్నగారి నివాసం పల్నాడే గనుక, తెలంగాణ ప్రభుత్వ పురస్కారాల వైపు వెళ్లవద్దు. ఒకవేళ రెండు మూడేళ్లు పంపినా ఉలుకూ పలుకూ లేకపోతే, ఎంపికకు పెట్టుకున్న ప్రమాణాలు ఏమిటో, మీ దరఖాస్తు ఏ దశలో ఆగిందో సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ అర్జీ పెట్టినందువల్ల పురస్కారం రాదు గానీ, ఆ ప్రమాణాలు ఎక్కడైనా రాసి ఉన్నాయో లేదో అన్నది తెలుస్తుంది.

చివరిగా, ఒరిగేదేమిటన్న ప్రశ్న. డబ్బు లెక్కలో చూస్తే పెద్దగా ఏమీ లేదు. ఒకసారి ఇచ్చే నగదుతో మందుల ఖర్చు కొన్ని నెలలు గడుస్తుంది, అంతే. పురస్కారం వేరు, బతుకుతెరువు వేరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కట్టడం పనికి కూలికి వెళుతున్న దృశ్యాలు పత్రికలన్నింటిలో వచ్చాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం పద్మశ్రీ పొందిన కవులకూ కళాకారులకూ 25 లక్షల రూపాయలూ నెలకు 25,000 పింఛనూ ఇస్తామని చెప్పింది. దేశపు పెద్ద గౌరవం పొందిన వారి సంగతే ఇలా ఒడుదొడుకుల్లో నడుస్తున్నప్పుడు, ఉగాది శాలువా మీద ఇంటి ఖర్చులు లెక్క కట్టడం పొరపాటు. కాబట్టి పింఛను కోసం వేరే అర్జీ పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను నాన్నగారికి ఇప్పటికే వస్తుండవచ్చు. అదే పథకంలో డప్పు కళాకారులకు ప్రత్యేకంగా ఒక కోవ ఉంది. గుమ్మెటకు లేదు, ఎందుకు లేదో అడగవలసిన వారిలో మీరూ ఒకరు. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 60 ఏళ్లు పైబడిన, ఆదాయం తక్కువగా ఉన్న కళాకారులకు నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయల వరకు ఆర్థిక సహాయం ఇచ్చే పథకం ఒకటి నడుపుతోంది. పైన చెప్పిన కాగితాలే దానికీ పనికొస్తాయి. ఒకసారి పడిన కష్టం రెండు చోట్ల ఉపయోగపడుతుంది.

ఇంకొక చిన్న జాగ్రత్త. పురస్కారం వస్తే ఊళ్లో ఉత్సాహవంతులు ఫ్లెక్సీల మీద “కళారత్న ఫలానా” అని పేరు ముందు తగిలిస్తారు. రాజ్యాంగంలోని 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావు గనుక ఇవ్వవచ్చని, అయితే పేరుకు ముందూ వెనుకా వాటిని తగిలించుకోకూడదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక తెలుగు సినిమా పేర్లలో పద్మశ్రీ అని వేసినందుకు ఇద్దరు నటులు హైకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది కూడా. రాష్ట్ర పురస్కారాల విషయంలోనూ అదే మర్యాద పాటించడం మేలు. “కళారత్న పురస్కార గ్రహీత” అని పేరు కింద రాసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

డబ్బు సంగతి పక్కన పెడితే, ఒరిగేది ఒకటుంది. కేంద్ర సంగీత నాటక అకాడమీ, 75 ఏళ్లు దాటినా అంతవరకు ఏ జాతీయ గౌరవమూ అందుకోని 84 మంది కళాకారులకు 2023లో అమృత్ పురస్కారాలు ఇచ్చింది. ఆ వయసు దాకా ఎవరూ పలకరించని వారు దేశంలో అంతమంది ఉన్నారని ఆ జాబితాయే ఒప్పుకున్నట్టయింది. వారికి ఆ లక్ష రూపాయలు ఎంతవరకు అక్కరకు వచ్చాయో నేను చెప్పలేను గానీ, ప్రభుత్వ దస్త్రంలో ఒక మనిషి పేరు, ఆయన కళ పేరు, ఆ కళలో ఆయన స్థానం పేరు కలిసి ఒకసారి అచ్చయితే, రేపు ఇంకొక హాస్యపు వంత కూతురు మీలాగే ఉత్తరం రాసినప్పుడు, ఎంపిక గదిలో ఎవరో ఒకరు “ఇంతకు ముందు ఇచ్చాము కదా” అనగలుగుతారు. అలవాటు మారేది అలాంటి ఒక్క ముందరి ఉదాహరణతోనే.

అందుకే దరఖాస్తులో “కళలో పాత్ర” అని ఉన్న గడి దగ్గర కాస్త ఆగండి. అక్కడ చాలామంది “సహాయకుడు” అనో “సహ కళాకారుడు” అనో రాసేస్తారు. మీరు మీ నాన్నగారి పేరు ఎదురుగా “హాస్యపు వంత, గుమ్మెట” అనీ, బాబాయి పేరు ఎదురుగా “రాజకీయ వంత, గుమ్మెట” అనీ రాయండి. ఆ కాగితం నాన్నగారికి చదివి వినిపించాకే, ఆయన సరే అంటేనే, తపాలాలో వేయండి.